సమావర్తనోపదేశము - విద్యార్థి జీవనమార్గము

కళాశాల చదువు ముగించినవారికి పట్టప్రదానము చేయు సభను స్నాతకోత్సవమని వ్యవహరించుట తెలుగునాట రూఢమైయున్నది. ఏటేట విశ్వవిద్యాలయములందు ఈ ఉత్సవము జరుగుచున్నది. యువతీయువకులు ప్రత్యేకమైన ఉడుపులు ధరించి, పట్టములు చేతబట్టుకొని, ఛాయాచిత్రములు తీయించుకొని సంతోషముతో వెలుపలికి వచ్చుచున్నారు. ఆనాడు వారిని చూచి కన్నులు చెమర్పని తల్లిదండ్రులుండరు. కాని మరునాటి ఉదయమునుండియే ఆ యింట ఒక ప్రశ్న తల యెత్తుచున్నది. ఇక ముందేమి? ఏ ఉద్యోగము, ఏ ఊరు, ఎంత జీతము?

నిజమునకు ఈ ప్రశ్న ఆనాడు క్రొత్తగా పుట్టినది కాదు. పదవ తరగతి ముగిసిననాడే అది పుట్టినది. ఇంటర్మీడియట్‌లో ఏ విభాగమున చేరవలెను, ఏ ప్రవేశపరీక్షకు కూర్చుండవలెను, విదేశమునకు పోవలెనా వలదా యను రూపములు దాల్చి పిల్లల వెంట నడచుచునే యున్నది. దీనికి సమాధానము వెదకుటలో పలువురు చేయు పొరపాటు ఒక్కటే. చేయదగిన వృత్తి యేది యని మొదట అడుగుచున్నారు. ఆ వృత్తిలో నిలువవలసిన మనిషి యెట్టివాడై యుండవలెనని పిమ్మట అడుగుచున్నారు. పెక్కిండ్లలో ఆ రెండవ ప్రశ్న వినబడుటయే లేదు. పూర్వులు మాత్రము ఈ రెండవ ప్రశ్ననే ముందుంచిరి. ఆ సంగతి స్నాతకశబ్దము నందే యిమిడి యున్నది.

స్నానము చేసినవాడు స్నాతకుడు. గురుకులమున విద్యాభ్యాసము ముగిసిన పిమ్మట శిష్యునకు జరుగు సంస్కారమునకు సమావర్తనమని పేరు. సమావర్తనమనగా ఇంటికి మరలి వచ్చుట. ఆనాడు బ్రహ్మచారి క్షౌరము చేయించుకొని, మంత్రపూర్వకముగ స్నానమాడి, నడుమున కట్టిన మేఖలను విడిచి, క్రొత్తవస్త్రములు ధరించును. అంతవరకు తనకు నిషిద్ధములైన పూలమాల, చందనము, కాటుక, అద్దము, గొడుగు, పాదరక్షలు ఆనాడు స్వీకరించును. గృహ్యసూత్రములు ఈ విధిని వివరముగ చెప్పినవి. లోకములోనికి పోవువాడు ఎండలో గొడుగు పట్టుకొనవచ్చును, ముండ్లబాటలో చెప్పులు తొడుగుకొనవచ్చును. నియమముతో గడపిన బ్రహ్మచర్యము అతనికి ఆ యర్హతను సంపాదించి పెట్టినది.

ఆచార్యుని కడపటి పాఠము

కృష్ణయజుర్వేదమునకు చెందిన తైత్తిరీయోపనిషత్తునందు శీక్షావల్లి మొదటి భాగము. అందలి పదునొకండవ అనువాకమున, వేదాధ్యయనము ముగించుకొని వెడలిపోవు శిష్యునకు ఆచార్యుడు చేయు అనుశాసనము కలదు. తెలుగునాట వైదికులలో అధికసంఖ్యాకులు అభ్యసించు శాఖ ఇదియే. కావున దేవాలయములలో వేదపారాయణము వినుచుండువారి చెవులకు ఈ అనువాకము చిరపరిచితము.

ఆ అనుశాసనము సత్యముతో ఆరంభమగుచున్నది. సత్యము పలుకవలెను, ధర్మము ననుష్ఠింపవలెను, స్వాధ్యాయమునందు ఏమరుపాటు కూడదు. ఆచార్యునకు ప్రియమైన ధనము సమర్పించి, సంతానతంతువు తెగకుండ చూడవలెను. తన క్షేమమును, ఐశ్వర్యమును గూడ అశ్రద్ధ చేయరాదు. దేవకార్యములను, పితృకార్యములను మరువరాదు. తల్లిని, తండ్రిని, ఆచార్యుని, అతిథిని దేవతలుగ భావింపవలెను. నిందకు తావులేని కర్మలనే ఆచరింపవలెను. ఇచ్చునపుడు శ్రద్ధతో, తన కలిమికి తగినట్లుగ, వినయముతో, వివేకముతో ఈయవలెను. ఇంతయు చెప్పి, ఆచార్యుడు మరియొక మాట చేర్చినాడు. గురువులయందు గల మంచినడవడిని మాత్రమే అనుసరింపవలెను గాని తక్కినదానిని అనుసరింపరాదట! తన లోపములను గూడ శిష్యుని యెదుట ఒప్పుకొనిన గురువు పలుకులివి.

ఈ పాఠమున గమనింపదగిన విశేషమొకటి కలదు. శిష్యుడు ఏ జీవిక చేపట్టవలెనో ఆచార్యుడు ఎచ్చటను చెప్పలేదు. రాజాస్థానమునకు పొమ్మనలేదు, పల్లెకు పొమ్మనలేదు. ఇన్ని గోవులు సంపాదింపుమనలేదు. జీవిక అల్పమైన విషయమని ఆయన యెంచినందువలన కాదు. ఐశ్వర్యమును అశ్రద్ధ చేయవలదని స్పష్టముగనే చెప్పియున్నాడు గదా! కాలమును బట్టి, దేశమును బట్టి, వ్యక్తిని బట్టి జీవిక మారుచుండును. దానిని శిష్యునకు విడిచిపెట్టి, మారనిదానిని మాత్రము బోధించినాడు. జీవితప్రణాళిక వేసికొన గోరు విద్యార్థికి ఇది మొదటి సూత్రము. ముందుగ మారనివానిని నిశ్చయించుకొని, మారువానిని దానిపై నిలుపుకొనవలెను.

అబద్ధమాడి సంపాదింపవలసిన ఉద్యోగము ఎంత జీతము వచ్చునదైనను తనది కాదని ముందుగనే నిశ్చయించుకొనినవానికి, రేపు అట్టి అవకాశము ఎదురైనపుడు రాత్రియంతయు మేలుకొని ఆలోచింపవలసిన పని యుండదు. తల్లిదండ్రుల వార్ధక్యమున వారికి ఆధారముగ నుండవలెనని ముందుగనే నిశ్చయించుకొనినవాడు, దూరదేశమునకు పోవునపుడు అందులకు తగిన ఏర్పాటు చేసియే పోవును.

స్వాధ్యాయమును గూర్చిన మాట ఈ కాలమునకు మరింత తగియున్నది. విద్యలో నాలుగవ పాలు గురువువలన, నాలుగవ పాలు స్వబుద్ధివలన, నాలుగవ పాలు సహాధ్యాయులవలన, తక్కిన పాలు కాలక్రమమున లభించునని పెద్దలందురు. పట్టము చేతికి వచ్చునాటికి కడపటి పాలు ఇంకను మిగిలియే యుండును. నేడు కృత్రిమమేధతో పనిచేయు యంత్రములు వచ్చి వృత్తుల స్వరూపమునే మార్చుచున్నవి. నేర్చినదానితో తృప్తిపడినవాడు ఇట్టి కాలమున వెనుకబడును. ప్రతిదినము ఒక గడియ యైనను చదువు విడువనివాడు, వృత్తి మారినను తాను నిలువగలుగును.

స్నాతకులు మువ్వురు

పారస్కర గృహ్యసూత్రమునందు స్నాతకులు మూడు విధములుగ చెప్పబడియున్నారు. వేదాధ్యయనము పూర్తిచేసియు వ్రతనియమమును ముగింపక మరలి వచ్చినవాడు విద్యాస్నాతకుడు. వ్రతమును పూర్తిచేసియు అధ్యయనము ముగియక మరలి వచ్చినవాడు వ్రతస్నాతకుడు. రెండును ముగించి వచ్చినవాడు విద్యావ్రతస్నాతకుడు.

ఈ విభాగమును సావధానముగ పరిశీలింపవలెను. చదువు ముగియనివానిని సూత్రకారుడు స్నాతకుల పంక్తినుండి తొలగింపలేదు. వానికిని స్నానము కలదు, వానికిని క్రొత్తవస్త్రము కలదు, వానికిని గృహస్థాశ్రమప్రవేశము కలదు. పాఠము పూర్తిగ రాకపోయినను, వేకువనే లేచుట, సత్యము పలుకుట, ఇంద్రియములను అదుపులో నుంచుకొనుట, పెద్దలను సేవించుట అను వ్రతమును నిలుపుకొనినవాడు జీవితమునకు సిద్ధమైనవాడే యని పూర్వులు అంగీకరించిరి.

నేటి గృహములలో ఈ విశాలదృష్టి తరిగిపోవుచున్నది. పరీక్షలో ఉత్తీర్ణుడు కానివాడు, కోరిన కళాశాలలో స్థానము దొరకనివాడు దేనికిని పనికిరానివాడను భావము ఇంట, వీధిలో, బంధువుల పలుకులలో వ్యాపించియున్నది. దీని ఫలము దారుణము. 2022వ సంవత్సరమున దేశమున 13 వేలకు పైబడిన విద్యార్థులు బలవన్మరణమునకు పాల్పడిరని జాతీయ నేర గణాంకముల సంస్థ నివేదిక తెలుపుచున్నది. కారణములు పలువిధములై యుండవచ్చును. అయినను మార్కులు తక్కువైనవని, తల్లిదండ్రులకు ముఖము చూపజాలనని క్రుంగిపోవు బిడ్డలు వారిలో కలరనుట అందరు నెరిగినదే. ఒక్క పరీక్ష ఫలితము ఒక నిండు జీవితము విలువను నిర్ణయించునని ఏ శాస్త్రమును చెప్పలేదు. ఈ దేహము భగవత్కైంకర్యమునకు ఒసగబడినదని నమ్మువారు ఆ మాటను ఫలితములు వెలువడు దినమున బిడ్డలకు తప్పక చెప్పవలెను. మనసు తట్టుకొనజాలని స్థితి కలిగినపుడు ఇంటివారితో గాని, మిత్రులతో గాని, వైద్యులతో గాని చెప్పుకొనుటలో సిగ్గుపడవలసినదేమియు లేదు. కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరు 10వ తేదీన ఆరంభించిన టెలి మానస్ సహాయకేంద్రము 14416 సంఖ్యకు ఫోను చేసిన, రేయింబవళ్ళు ఉచితముగ సలహా నిచ్చుచున్నది. తెలుగుననే మాటలాడవచ్చును.

చదువు నడుమ ఆగినవారికి నేడు మార్గములు మూసికొనిపోలేదు. 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము ననుసరించి, డిగ్రీలో ఒక సంవత్సరము ముగించినవారికి సర్టిఫికేటును, రెండేండ్లు ముగించినవారికి డిప్లొమాను, మూడేండ్లకు పట్టమును, నాలుగేండ్లకు ఆనర్సు పట్టమును ఇచ్చు పద్ధతి యేర్పడినది. నడుమ ఆగినవారు పిమ్మట మరల చేరుటకును అవకాశము కలదు. దేశమున మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదుననే వెలసినది. నేడు అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేర నడచుచున్నది. ఉద్యోగము చేసికొనుచు, సంసారము నడుపుకొనుచు దానిలో చదువుకొనినవారు ఎందరో కలరు. వ్రతము చెడనివానికి విద్య ఆలస్యముగనైనను దొరకును. వ్రతము చెడినవానికి విద్య చేతనున్నను ప్రయోజనము స్వల్పమే.

వృత్తి నిర్ణయము

ఇక వృత్తిని ఎంచుకొను విధమెట్టిది? మూడు విషయములను తూచి చూడవలెను. స్వభావము, శక్తి, ఇంటి అవసరము. ఈ మూడింటిలో దేనిని విడిచినను నిర్ణయము కుంటువడును.

స్వభావము ననుసరించిన కర్మ లోపముతో కూడినదైనను, పరులదైన కర్మకంటె మేలని గీతాచార్యుని ఉపదేశము. అర్జునుడు యుద్ధరంగమున బంధువులను చూచి, విల్లు జారవిడిచి, భిక్షమెత్తి జీవించుట మేలనెను. భిక్షాటనము నింద్యమైనది కాదు. కాని అది దుఃఖావేశమున పుట్టిన కోరిక, అర్జునుని స్వభావమునుండి పుట్టినది కాదు. ఒక పాఠము కఠినముగ తోచిన దినమున చదువు మార్చుకొన గోరుట, స్నేహితుడు చేరినాడని అదే విభాగమున చేర గోరుట, పొరుగింటివాడు అమెరికాకు పోయినాడని తానును పోగోరుట ఇట్టివే. ఆవేశమున చేసినది నిర్ణయము కాదు. పదిదినములు నిలిచి చూచిన పిమ్మట గూడ ఆ కోరిక నిలిచియున్నచో అపుడు దానిని ఆలోచింపవలెను.

స్వభావమును తెలిసికొనుటకు సులభమైన పరీక్ష కలదు. ఎవరును చెప్పకయే, మార్కుల ఆశ లేకయే, బిడ్డ గంటల తరబడి ఏ పనిలో నిమగ్నుడగునో చూడవలెను. లెక్కలా, మొక్కలా, యంత్రములా, చిన్నపిల్లలకు పాఠము చెప్పుటయా, పద్దులు వ్రాయుటయా? శక్తిని తెలిసికొనుటకు మరియొక పరీక్ష. ఆ వృత్తిలో పదియేండ్లు గడపినవారిని కలిసికొని, ఉదయమునుండి రాత్రివరకు వారి దినచర్య యెట్లుండునో అడిగి తెలిసికొనవలెను. సెలవులలో ఒక మాసము వారి చెంత పని చేసి చూడవలెను. న్యాయవాది కాదలచినవాడు న్యాయస్థానపు వరండాలో నిలిచి చూడవలెను. వైద్యుడు కాదలచినవాడు రాత్రివేళ వైద్యశాలను చూడవలెను. పేరును చూచి ప్రేమించిన వృత్తిని పనిని చూచిన పిమ్మటను ప్రేమింపగలిగిననే అది తనదగును.

ఏ వృత్తియు తక్కువ కాదనుటకు భారతమున అరణ్యపర్వము నందలి ధర్మవ్యాధుని కథ సాక్షి. తపస్సు చేసి, కోపమును జయింపజాలని కౌశికుడను బ్రాహ్మణుడు ధర్మమును తెలిసికొనుటకు మిథిలానగరమునకు పోయి, మాంసము విక్రయించు వ్యాధుని యంగడి ముందు నిలువవలసివచ్చెను. ఆ వ్యాధుడు ధర్మసూక్ష్మములను బోధించి, పిమ్మట తన యింటికి కొనిపోయి, వృద్ధులైన తల్లిదండ్రులను చూపి, వారి సేవయే తన తపస్సనెను. కులక్రమమున వచ్చిన వృత్తిని సత్యముతో నడపుకొనుచు, వచ్చినదానితో అతిథులను, పోష్యవర్గమును పోషించిన ఆ వ్యాపారి తపస్వికి గురువయ్యెను.

శ్రీవైష్ణవ గురుపరంపరలో మరియొక వృత్తాంతము కలదు. శ్రీరంగమున భగవద్రామానుజుల భిక్షాన్నమునందు విషము కలిపించు ప్రయత్నము జరిగినదని తెలిసి, వారి ఆచార్యులగు గోష్ఠీపూర్ణులు బయలుదేరి వచ్చిరి. మండుటెండలో కావేరి యిసుకపై రామానుజులు ఎదురేగి సాష్టాంగపడిరి. గోష్ఠీపూర్ణులు లెమ్మని చెప్పక నిలిచియుండిరి. శిష్యులందరు కలవరపడి చూచుచుండగ, కిడాంబి ఆచ్చాన్ అను శిష్యుడు సహింపజాలక ముందునకు వచ్చి, కాలుచున్న యిసుకనుండి గురువును కాపాడెను. ఆచార్యుని దేహముపై ఇంత ప్రేమ గల ఇతనికే వంటపని అప్పగింపుడని గోష్ఠీపూర్ణులు ఆదేశించిరి. వంటలో నేర్పరి యెవడని ఆయన వెదకలేదు. ఆ పని యెవని చేతిలో క్షేమముగ నుండునో వెదకిరి. ఆ వంటయింటి సేవకుని వంశమున ఆచార్యపరంపర వెలసినది. అందు జన్మించిన అప్పుళ్ళారు 1268లో అవతరించిన వేదాంతదేశికులకు మేనమామయు, ఆచార్యులును అయిరి. వంటశాలలో మొదలైన సేవ వేదాంతపీఠమువరకు సాగినది. చిన్న ఉద్యోగమున చేరితినని క్రుంగిపోవు యువకుడు ఈ వృత్తాంతమును స్మరింపదగును.

సందేహము కలిగినపుడు

తైత్తిరీయమున ఆచార్యుడు తన ఉపదేశమును ఆజ్ఞలతో ముగింపలేదు. శిష్యునకు రేపు సందేహములు కలుగునని ఆయనకు తెలియును. చేయవలసిన పనియందు గాని, నడవడియందు గాని సంశయము కలిగినపుడు ఎట్టి పెద్దలను చూచి నడువవలెనో చెప్పి ముగించినాడు. వారు ఆలోచనాపరులై యుండవలెను. ఆ విషయమున అనుభవము గలవారై యుండవలెను. ఒరుల ప్రేరణకు లోబడనివారై యుండవలెను. పరుషస్వభావము లేనివారై యుండవలెను. ధర్మమును కోరువారై యుండవలెను.

ఈ లక్షణములను చదువు చెప్పించు తల్లిదండ్రులు కంఠస్థము చేసికొనుట మంచిది. నేడు సలహా చెప్పువారికి కొదువ లేదు. అయినను విదేశములలోని కళాశాలలకు విద్యార్థులను పంపి, తలకింత యని ప్రతిఫలము పుచ్చుకొను మధ్యవర్తి ఒరుల ప్రేరణకు లోబడినవాడే. అతడు చెప్పునది అసత్యమే కానక్కర లేదు. కాని దానిని సలహాగ గాక బేరముగ వినవలెను. ప్రకటనలలో మొదటి స్థానముల ఛాయాచిత్రములను మాత్రమే చూపు శిక్షణాలయమును, తక్కినవారి సంగతి యేమని అడుగవలెను. అనుభవము లేని బంధువు ఎంత ఆప్తుడైనను, అతని మాటకు పరిమితి కలదు. విషయము తెలిసియు బిడ్డను కసరుకొనువాడు సైతము ఉపనిషత్తు చెప్పిన లక్షణమునకు దూరుడే. ఏలయన, భయపడిన బిడ్డ తన నిజమైన సందేహమును వానియెదుట చెప్పదు.

సందేహము కలుగుట బుద్ధిహీనత కాదనుటకు రామానుజుల చరితమే తార్కాణము. వివాహమైన కొలదికాలమునకే తండ్రి పరమపదించుటతో ఆయన కుటుంబముతో కాంచీపురము చేరి, యాదవప్రకాశునికడ వేదాంతము చదువసాగిరి. గురువు చెప్పిన అర్థములతో మనసు సమాధానపడలేదు. అభిప్రాయభేదము పెరిగి ఆ గురుకులము విడువవలసివచ్చెను. నేటి మాటలో చెప్పిన, చదువు నడుమ ఆగిపోయిన విద్యార్థి స్థితి అది. అపుడాయన నిరాశతో కాలము గడపలేదు. వరదరాజస్వామికి ఆలవట్టము వీచు కైంకర్యము చేయుచుండిన కాంచీపూర్ణులను ఆశ్రయించి, వారి సలహా మేరకు ప్రతిదినము ఒక బావినుండి స్వామికి తీర్థము మోసి తెచ్చుచుండిరి. కాంచీపూర్ణులు బ్రాహ్మణేతరకులమున జన్మించినవారు. అయినను భక్తిచేత, అనుభవముచేత, మృదుత్వముచేత సలహా చెప్పుటకు అర్హులని రామానుజులు గుర్తించిరి.

మనసులోని సంశయములను స్వామికి నివేదింపుడని రామానుజులు వారిని వేడిరి. ఆరు సమాధానములు లభించినవని గురుపరంపర చెప్పుచున్నది. తానే పరతత్త్వమనియు, జీవేశ్వరభేదమే సిద్ధాంతమనియు, ప్రపత్తియే ఉపాయమనియు, అంతిమస్మృతి నియమము కాదనియు, దేహావసానమున మోక్షమనియు, మహాపూర్ణులను ఆశ్రయింపవలెననియు ఆ ఆరు వాక్యముల సారము. మొదటి అయిదును తత్త్వమును చెప్పినవి. ఆరవది మాత్రము చేయవలసిన పనిని చెప్పినది. ఎవరిని ఆశ్రయింపవలెనో పేరుతో చెప్పినది. రామానుజులు ఆలసింపక శ్రీరంగమునకు బయలుదేరిరి. ఆయనకొరకే వచ్చుచుండిన మహాపూర్ణులు మధురాంతకమున ఎదురైరి. అచ్చటనే పంచసంస్కారములు జరిగినవి. సందేహించుట, అర్హుని అడుగుట, సమాధానము దొరకగనే కదలుట అను మూడు మెట్లును ఇందు కలవు. చాలమంది విద్యార్థులు మొదటి మెట్టుననే నిలిచిపోవుచున్నారు; కొందరు రెండవ మెట్టును మాటిమాటికి ఎక్కుచు, ప్రతివారిని అడుగుచు, మూడవదానికి పోవుటయే లేదు.

ధనము - ఋణము

ఐశ్వర్యమును అశ్రద్ధ చేయరాదని ఉపనిషత్తే చెప్పుటచే, ధనవిషయమున మాటలాడుట ఆధ్యాత్మికులకు తగదనుకొనరాదు. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడు ఋణములతో మనుష్యుడు జన్మించునని వేదము చెప్పినది. నేటి విద్యార్థికి నాలుగవ ఋణమొకటి వచ్చి చేరుచున్నది. అది విద్యాఋణము.

బ్యాంకులిచ్చు విద్యాఋణమును సాధారణముగ చదువు ముగిసిన ఒక సంవత్సరమువరకు తిరిగి చెల్లింపనక్కర లేదు. ఈ మాట విని, ఆ కాలమున వడ్డీయే లేదని భ్రమించువారు కలరు. వడ్డీ లెక్క నడచుచునే యుండును. నాలుగేండ్ల చదువునకు ఏటి మొదట లక్ష రూపాయల చొప్పున నాలుగు లక్షలు తీసికొని, నూటికి పది చొప్పున బారువడ్డీయే యనుకొనినను, చదువు ముగిసి మరియొక యేడు గడచునప్పటికి వడ్డీ లక్షానలువది వేలగును. చెల్లింపు ఆరంభించునాటికి ఋణము అయిదు లక్షల నలువది వేలు. ఈ లెక్కను కళాశాలలో చేరకముందే తండ్రియు బిడ్డయు కలిసి కూర్చుండి కాగితముపై వేసి చూడవలెను. ఆ చదువు చదివినవారికి మొదటి యేడు సాధారణముగ లభించు జీతమెంతో విచారింపవలెను. ప్రకటనలలో కనబడు మిక్కిలి పెద్ద జీతమును గాక, తరగతిలో నడుమనున్న విద్యార్థికి వచ్చిన జీతమును అడుగవలెను. ఋణము చేయుట తప్పని దీని యర్థము కాదు. తీర్చు మార్గము తెలియక చేయరాదని మాత్రమే.

ఉన్న పొలమును అమ్మి ఒక బిడ్డను విదేశమునకు పంపి, తక్కిన బిడ్డల చదువును నిలిపివేయు కుటుంబములును కలవు. కుమారుని చదువునకు ఋణము చేసి, కుమార్తె చదువును వివాహమునకై నడుమ ఆపుట అంతకంటెను అన్యాయము. స్వాధ్యాయమున ఏమరరాదను ఉపదేశమును నేడు కుమారునకును, కుమార్తెకును సమముగ అన్వయించుకొనవలెను.

తల్లిదండ్రుల కర్తవ్యము

గీతయందు భగవానుడు అర్జునునకు కర్మమార్గమును, జ్ఞానమార్గమును, భక్తిమార్గమును విశదముగ బోధించి, కడపట, చెప్పినదంతయు సమగ్రముగ విమర్శించి, నీకు తోచినట్లు చేయుమనెను. శరణాగతిని బోధించు చరమశ్లోకమునకు ముందే ఈ మాట యున్నది. సర్వజ్ఞుడైన సారథి నిర్ణయమును శిష్యునకు విడిచెను. సర్వజ్ఞులు కాని తల్లిదండ్రులు బిడ్డల విషయమున ఎంత సంయమము చూపవలెనో దీనివలన తెలియుచున్నది. వారు చేయదగినది చాల కలదు. తమ ఆర్థికస్థితిని దాచక చెప్పుట, తమ అనుభవమును చెప్పుట, అర్హులైన పెద్దలకడకు కొనిపోవుట, ప్రమాదములను చూపుట. అంతయు చెప్పిన పిమ్మట, ఆలోచించి నిశ్చయించుకొనుమను మాట గూడ చెప్పవలెను. తాను వైద్యుడు కాలేకపోయినందుకు బిడ్డను వైద్యుని చేయగోరుట తన ఋణమును బిడ్డచే తీర్పించుకొనుట వంటిది.

విద్యార్థి చేయదగిన సంకల్పము కొలదిలో చెప్పవచ్చును. ఒక చిన్న పుస్తకమున, ఎట్టి స్థితిలోను విడువరాని నియమములు మూడు నాలుగు మొదట వ్రాసికొనవలెను. దాని క్రింద ఈ యేడు నేర్వవలసినవి వ్రాసికొనవలెను. ఆ క్రింద అయిదేండ్లలో చేరదలచిన స్థానమును, అది దొరకనిచో పట్టదలచిన రెండవ మార్గమును వ్రాసికొనవలెను. ప్రతి ఏకాదశినాడు గాని, మాసమునకొక ఆదివారమున గాని ఆ పుటను తెరచి చూచుకొనవలెను. క్రింది వరుసలు మారవచ్చును. మొదటి వరుస మాత్రము మారరాదు. దినమున సెల్‌ఫోను ఎంతసేపు చేతనుండునో, పుస్తకము ఎంతసేపు చేతనుండునో ఆ పుటలోనే లెక్క వ్రాసికొనుట మేలు. కాలమును కోల్పోవు రంధ్రము ఎచ్చటనున్నదో దానివలన తెలియును.

ఇంత చేసిన పిమ్మట ఫలము స్వామిది. ప్రపన్నునకు ప్రయత్నమును విడువవలసిన పని లేదు. ప్రయత్నించునపుడు భయపడవలసిన పనియు లేదు. విత్తనము నాటి, నీరు పెట్టి, వానకొరకు ఆకాశము చూచు రైతువలె నుండవలెను. ఫలితములు వెలువడిన దినమున సప్తగిరీశుని సన్నిధికి కృతజ్ఞతతో వచ్చు కుటుంబములు వేలకొలది. అనుకొన్నది లభింపని బిడ్డలను వెంటబెట్టుకొని వచ్చు కుటుంబములును ఆ వరుసలో కలవు. స్వామి యెదుట ఆ యిరువురు బిడ్డలకును తీర్థము, శఠారి సమానముగనే లభించుచున్నవి.

విద్యతోపాటు వ్రతమును, సంపదతోపాటు సద్వినియోగమును, సందేహవేళ సత్పురుషుల సాన్నిధ్యమును శ్రీనివాసుడు విద్యార్థులెల్లరకు అనుగ్రహించుగాక.